కొంగున బొప్పాయి గింజలు

తమ్ముణ్ణి చూసి రావడానికి మాయాబందర్ వెళ్తున్నామని చుట్టుపక్కల వాళ్లకు చెప్పాను. అసలు సంగతి వేరే. నాన్న పోయాక అమ్మ ఒంటరిదైపోయిందని, ఇక మా దగ్గరే ఉండిపొమ్మని ఓడ మీద ఈ దీవులకు పిలిపించుకున్నాను. ఆమె ఓడెక్కింది మొదలు కడుపు కదల్లేదు. ఓడలో ఎప్పుడూ అన్నం, పప్పు, బంగాళాదుంప కూరే. మరుగుదొడ్డికి ఊగుతున్న మెట్లు దిగి వెళ్లాలని భయపడి నీళ్లు తాగడమే మానేసిందట. ఆస్టినాబాద్‌లో మా ఇల్లు చేరాక కూడా అదే తీరు. నీళ్లు బాగా తాగించండి, పళ్లు తినిపించండి, కాస్త నడిపించండి అన్నారు డాక్టరుగారు. అమ్మ మాత్రం తీర్పు చెప్పేసింది.

"ఈ ఊరు నాకు పడ్డం లేదే. నీ తమ్ముడి మొహం సూసేసి మళ్లీ ఓడెక్కీస్తాను."

నాకు దిగులు పట్టుకుంది. కడుపు గడబిడకు ఊరి మీద నింద వేసి వెళ్లిపోతుందేమోనని. ఈలోగా కడుపు కుదుటపడి మనసు మారుతుందన్న ఆశతోనే ఈ ప్రయాణం.

తెల్లవారుజామున అయిదింటికి బస్సు. కిటికీ పక్క సీటు అమ్మకిచ్చాను. ఫెరార్గంజ్‌లో బస్సు ఆగగానే బుట్టలతో అరటిపళ్లు వచ్చాయి. మచ్చలు తేలిన మంచి పళ్లు. ఒకటి ఒలిచి ఇస్తే మొహం తిప్పుకుంది.

"కాశీలో వదిలీసిన పండు. నోట ఎట్టకూడదు."

"నువ్వు వదిలింది పనసపండు కదమ్మా. అరటిపండు వదిలింది నాన్న."

"మీ నాన్నకి పేణమది. ఆయన వదిలీసినాక నేనెలాగ తింతాను?"

కాశీకి వెళ్లిన వాళ్లు ఇష్టమైన పండు ఒకటి వదిలి రావాలి. మా పిన్ని తెలివిగా వెలక్కాయ వదిలి వచ్చింది. నాన్నకు అంత తెలివి లేకపోయింది. పోయిన మనిషి మొక్కును అమ్మ మోస్తోందని నాకు అంతవరకూ తెలియదు. ఒలిచిన పండు నేనే తినేశాను.

జిర్కాటాంగ్ దగ్గర మిగతా బండ్లన్నీ వచ్చేదాకా ఆగాలి. అక్కడి నుంచి అడవి దారిలో అన్నీ కలిసే వెళ్తాయి. ఈ దారిన వచ్చేవారు కాలకృత్యాలు ఇక్కడే చూసుకోవాలి, తర్వాత చాలాసేపు బస్సు ఆగదు. నాకు తోటి ప్రయాణికుల టిఫిన్ డబ్బాల్లోకి తొంగిచూసే అలవాటుంది. వెనక సీట్లో నూకాలమ్మ అని, రంగత్‌లో చేపలమ్మే మనిషి, ఎర్రటి పండు ముక్కలు తింటూ కనిపించింది. అమ్మ అవస్థ గుట్టుగా చెబితే ఆమె గట్టిగా నవ్వి, హిందీ కలిసిన ఇక్కడి తెలుగులో అంది.

"సరమెందుకు దీదీ? ఓడ దిగినోల్లందరికీ ఇదే పరేషానీ. పపీతా తిను, పానీ బాగా తాగు. రెండ్రోజుల్లో పేట్ సాఫ్ అయిపోద్ది."

అమ్మ ముక్క వంక చూసి నా చెవిలో అంది. "బొప్పాయే కదా. మన ఊల్లో పెంటకుప్పల కాడ మొలుస్తాది. దాన్ని తినేదెవులే?"

నూకాలమ్మ డబ్బా మూసేసింది. వినబడిందేమోనని నాకు సిగ్గేసింది. అయినా ఫెర్రీ మీద సముద్రపు పాయ దాటుతున్నప్పుడు నూకాలమ్మే తన సీసాలోని నీళ్లు అమ్మకు పట్టించింది.

మాయాబందర్ చేరేసరికి మూడు దాటింది. తమ్ముడు పడవ కట్టేసి తిన్నగా బస్సు దగ్గరికే వచ్చాడు. వాడి ఇల్లు జెట్టీకి దగ్గరే. పెరట్లో బొప్పాయి చెట్టు, మొదటి కాపు. కాలూ చేయీ కడుక్కోగానే పండు కోసి పళ్లెంలో పెట్టాడు.

"నా సేత్తో నాటినానమ్మా. నువ్వొస్తావని మొదటి పండు ఎవులికీ ఇవ్వలేదు."

అమ్మ నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను. ముక్క నోట్లో పెట్టుకుంది, నమిలింది, ఇంకోటి తీసుకుంది.

"తియ్యగానే ఉందిరా," అంది ఆశ్చర్యంగా.

ఆ సాయంత్రం జెట్టీ దాకా నడిచాం. మర్నాడూ బొప్పాయే, చెంబుల కొద్దీ నీళ్లు. మూడో రోజు పొద్దున్న అమ్మ పెరట్లోని మరుగుదొడ్డికి వెళ్లి ఎంతకీ రాలేదు. తమ్ముడూ నేనూ టీ గ్లాసులు పట్టుకుని పరీక్ష ఫలితాల కోసం చూసే పిల్లల్లా కూర్చున్నాం. చివరికి వచ్చింది, మొహం కడుక్కుంది.

"ఏటలాగ సూస్తారు? ఆకలేస్తంది. అన్నం వండండి."

ఇంత చిన్న మాటకు కళ్లనీళ్లు వస్తాయని నేననుకోలేదు.

తిరుగు ప్రయాణంలో అమ్మ చేతిలో బొప్పాయి ముక్కల డబ్బా. ముందు సీటు వాళ్లకూ, కండక్టరుకూ పంచిపెట్టింది. నూకాలమ్మ చెప్పిన మాటే తను కనిపెట్టినట్టు చెప్పింది. ఫెరార్గంజ్‌లో నా పిల్లల కోసమని అరటిపళ్లు తనే ఏరింది, తను మాత్రం ఒక్కటీ ముట్టలేదు. నేనూ బలవంతం చేయలేదు. ఓడలో వచ్చేవారికి నా సలహా ఒక్కటే. నీళ్లు మానకండి, సంచిలో నాలుగు పళ్లు పెట్టుకోండి, మీ పెద్దలు కాశీలో ఏ పండు వదిలారో ముందే అడిగి తెలుసుకోండి.

ఊరు దగ్గర పడుతుండగా అమ్మ కొంగు ముడి తడుముకోవడం చూశాను.

"ఏంటమ్మా అది?"

"గింజలే. కడిగి ఆరబెట్టినాను. మీ పెరట్లో నాటతాను. కాపుకొచ్చేసరికి ఎన్నాల్లు పడతాది?"

"తొమ్మిది పది నెలలు పడుతుందంటారు."

ఓడ మాట ఎత్తుతుందేమోనని ఆమె మొహం వంకే చూశాను.

"పడితే పడనీ," అంది అమ్మ, ముడి మళ్లీ గట్టిగా బిగిస్తూ.