పై అర, కింది అర

గదిలోకి అడుగు పెట్టే ముందు ఆండాలు కొంగు విదిలించేది. వరండా చివరికి పోయి, చెంగును రెండు చేతులా పట్టుకొని, ఉతికిన బట్టను దులిపినట్టు ఫట్‌మని కొట్టేది. తరువాత చెప్పులు విడిచి, గోనెపట్టా మీద పాదాలు రాసుకొనేది. మంచినీళ్ల కోసం రెండు నిమిషాలు బయటికి వచ్చినా సరే, తిరిగి లోపలికి పోవాలంటే మళ్లీ వరండా చివరికి పోవలసిందే. చెప్పులు విడవమని మాత్రమే ఆఫీసువాళ్లు చెప్పారు. కొంగు సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ గదిలో కంప్యూటర్ ఉండేది.

పాతబస్తీలో ఒక మున్సిపల్ ఆఫీసు అది. ఎనభై ఏడులో కంప్యూటర్ వస్తుందని తెలిసి పాత సామాన్ల గదిని ఖాళీ చేశారు. కిటికీలకు చెక్కలు కొట్టారు. గోడకు ఏసీ బిగించారు. బస్తీలలో పుట్టిన వాళ్ల పేర్లు, పోయిన వాళ్ల పేర్లు ఇకమీదట అందులోకి ఎక్కుతాయనీ, సర్టిఫికెట్ కావాలన్న వాళ్లకు అదే అచ్చు వేసి ఇస్తుందనీ అన్నారు. దానికి దుమ్ము గిట్టదు. లోపల తలుపు దగ్గర స్టూలు వేసుకొని కూర్చొని, రోజూ గది తుడిచే మనిషి ఒకరు కావలసి వచ్చింది. ముందు అటెండర్ ఓదెలును అడిగారు.

"నాతోని కాదు సార్. గా సలికి నా మోకాళ్లు పట్టుకపోతయ్. మనుషులకు లేని ఏసీ డబ్బాకెందుకు?" అన్నాడు ఓదెలు.

అలా ఆ స్టూలు రోడ్లు ఊడ్చే ఆండాలుకు వచ్చింది.

ఆండాలుది లాల్‌దర్వాజా. గుడి వెనక సందులో ఒక్క గది కిరాయి ఇల్లు. భర్త ఆగయ్య మురికి మోరీలు తీసే పనిలో ఉండగానే చనిపోయాడు. ఆ తరువాత ఆమె చేతికి చీపురు ఇచ్చారు. తెల్లవారకముందే రోడ్డు మీదికి పోవాలి. చీపురు ముందు దుమ్ము లేస్తుంది, ముందుకు పోదు, మనిషి మీదికే వస్తుంది. కొన్నేళ్లకు దగ్గు పట్టుకుంది. ఎండాకాలంలో మాట కూడా పూర్తిగా రానిచ్చేది కాదు.

"దుమ్ముకు దూరంగా ఉండాలమ్మా," అన్నాడు దవాఖాన డాక్టరు.

"రోడ్లూడ్చేదాన్ని సారూ. యాడికి పోవాలె దూరం?"

డాక్టరు మందు రాసి ఇంకొకరిని పిలిచాడు.

కంప్యూటర్ గదికి వచ్చిన కొన్నాళ్లకు దగ్గు తగ్గింది. వానాకాలం వచ్చేసరికి పోయింది. మిషనుకు ఏది గిట్టదో ఆమె ఛాతీకీ అదే గిట్టదు. దాని కోసం మూసిన కిటికీలు, దాని కోసం తెచ్చిన చల్లగాలి ఆమెకు కూడా సరిపోయాయి. ఈ సంగతి ఆమె తనతో చాలా ఏళ్లు రోడ్డు ఊడ్చిన కొమురమ్మతో తప్ప ఎవరితోనూ అనలేదు.

"దాని పుణ్యాన సల్లగ బతుకుతున్నవ్ వదినె. ఇంత అన్నం పెట్టు దానికి," అన్నది కొమురమ్మ.

"అది తినదే."

"తిననోళ్లనే కదా మనం మొక్కేది."

మిషను ముందు కూర్చొని పేర్లు కొట్టే అమ్మాయి కళావతి. ఆబిడ్స్‌లో టైపు, తరువాత కంప్యూటర్ నేర్చుకొని వచ్చింది. మాట తక్కువ. ఒక మధ్యాహ్నం ఆమె నల్లటి పలుచటి చదరపు అట్టలను కాగితపు కవర్లలో పెట్టి బీరువాలో సర్దుతుంటే ఆండాలు అడిగింది.

"గివేంది బిడ్డా?"

"ఫ్లాపీలు. పేర్లన్ని వీట్లనే ఉంటయ్ ఆండాలమ్మా."

"మిషన్ల ఉండయా?"

"మిషన్ల ఏముండది. బంద్ చేస్తే అది ఉత్త డబ్బా."

ఆండాలు కొంచెంసేపు ఆ అట్టల వైపు చూసింది. "లాల్‌దర్వాజోళ్లు గూడ ఎక్కిండ్రా?"

"ఎక్కిండ్రు."

"పోయినోళ్లు?"

"పోయినోళ్లు గూడ."

"మా ఆగయ్య?"

కళావతి తల ఎత్తింది. "ఉన్నడు," అన్నది.

ఆ రోజు నుంచి ఆండాలు బీరువాకు వీపు తగలకుండా నడిచేది.

ఫ్లాపీలు రెండు జతలు ఉండేవి. ఒకటి పాడైతే ఇంకొకటి ఉండాలని, కళావతి ప్రతి సాయంత్రం నకలు తీసేది. నకలు వేరే బిల్డింగులో పెట్టండని కంపెనీ ఇంజనీరు మొదటే చెప్పాడు. ఆఫీసు సూపరింటెండెంట్ పురుషోత్తంకు అది అతి జాగ్రత్త అనిపించింది.

"వేరే బిల్డింగ్ ఎందుకు? బీరువాకు రెండరలున్నయ్ కదా. పై అరల ఒకటి, కింది అరల ఒకటి. తాళం పక్కాగ వెయ్యి," అన్నాడు.

అలాగే జరిగింది, దసరా దాకా.

సెలవులకు ముందు రోజు ఆఫీసులో ఆయుధపూజ. బయట రోడ్డు రోలరుకు, నీళ్ల ట్యాంకరుకు బంతిపూల దండలు వేశారు. పారలకు, గడ్డపారలకు, చీపుర్లకు కూడా బొట్లు పెట్టారు. టైపు మిషన్లకు పెట్టారు. కంప్యూటర్ గది దగ్గరికి వచ్చేసరికి పురుషోత్తం అందరినీ గడప బయటే ఆపాడు. కొబ్బరికాయ గడప ఇవతలే కొట్టాడు. అగరుబత్తి పొగ లోపలికి పోకుండా తలుపు దగ్గరగా వేయించాడు. కళావతి ఒక్కతే లోపలికి పోయి, మిషను నెత్తి మీద చిన్న బొట్టు పెట్టి వచ్చింది. ఇంత జాగ్రత్త ఏ ఆఫీసులో ఉంటుందని పురుషోత్తం సంతోషపడ్డాడు.

ఆండాలు అందరికంటే వెనక నిలబడింది. మొగుడు పోయిన ఆడది కుంకుమ పళ్లెం పట్టుకుంటే చూసే వాళ్లు ముఖం తిప్పుకుంటారు. ఆమెకు అది ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ రోజు సద్దుల బతుకమ్మ. పూలు పేర్చుకోవాలని కళావతి తొందరగా వెళ్లిపోయింది. పోతూ పోతూ బీరువా తాళంచెవి ఆండాలు చేతిలో పెట్టి, "అరలు తుడిచి తాళమేసి, చెవి సార్‌కు ఇయ్యి," అన్నది.

ఆండాలు అరలు తుడిచింది. ఫ్లాపీలను బయటికి తీసి బల్ల మీద పెట్టి, తిరిగి పెట్టబోయి ఆగింది. రోలరుకు పెట్టారు. పారకు పెట్టారు. ఉత్త డబ్బాకు పెట్టారు. పేర్లున్నవి వీటిలోనే, వీటి ముఖం ఎవరూ చూడలేదు. వరండాలో కుంకుమ పళ్లెం అలాగే ఉంది. కొబ్బరినీళ్లు పడి తడిసి ఉంది. చుట్టూ ఎవరూ లేరు.

ఒక్కొక్క ఫ్లాపీని కవరులోంచి తీసింది. నల్లటి అట్ట మధ్యలో సన్నటి కిటికీ ఒకటి ఉంటుంది. అందులోంచి గోధుమరంగు నునుపుగా మెరుస్తుంది, మనిషి నుదురులాగా. బొట్టు పెట్టే జాగా అదేనని ఆమెకు తోచింది. ఉంగరం వేలితో, ఎక్కడా కారకుండా, అక్కడే పెట్టింది. పై అరలోవన్నీ అయ్యాక కింది అరలోవి అందుకుంది.

పండుగ వెళ్లాక కళావతి వచ్చి మొదటి ఫ్లాపీని మిషను గూట్లోకి తోసింది. ఇసుక నమిలిన చప్పుడు వచ్చింది. తెర మీద ఇంగ్లీషులో ఏదో పడింది. రెండోది పెట్టింది. అదే చప్పుడు. నకళ్లు ఉన్నాయి కదా అనుకొని కింది అర నుంచి ఒకటి తీసి, పెట్టబోయే ముందు వెలుగులో చూసింది. కిటికీలో ఎర్రగా ఎండిపోయి ఉంది.

"ఆండాలమ్మా. ఇదేంది?"

"కుంకుమ బిడ్డా." ఆండాలు ముఖం కొంచెం వెలిగింది. "అన్నిటికి పెట్టిండ్రు, వీటిని ఎవలు పట్టించుకోలే. నేను పెట్టిన."

"కింది అర గూడనా?"

"ఒకదానికి పెట్టి ఒకదానికి పెట్టకుంటే ఎట్ల?"

కళావతి ఫ్లాపీని బల్ల మీద పెట్టింది. చెక్కలు కొట్టిన కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. ఆండాలుకు సంగతి అర్థమైంది.

"కరాబైనయా?"

"అయినయ్."

"పేర్లు పోయినట్టేనా?"

"రిజిస్టర్లల్ల ఉన్నయ్. మొదటి నుంచి మళ్ల కొట్టాలె."

సాయంత్రానికి ఇంజనీరు వచ్చి మిషను గూళ్లు తుడిచి బాగుచేశాడు. ఫ్లాపీలు మాత్రం పనికి రావన్నాడు. పురుషోత్తం చాలాసేపు తన గదిలో అటూ ఇటూ నడిచాడు. పైనుంచి అడుగుతారు. ఎవరిదో ఒకరి పేరు చెప్పాలి. కొబ్బరికాయ కొట్టింది తనే, కానీ గడప బయట కదా కొట్టాడు. చివరికి ఆండాలును పిలిచాడు. కళావతి, ఓదెలు తలుపు దగ్గరే నిలబడ్డారు.

"నీ మీద నాకు కోపం లేదు ఆండాలూ. కానీ నేను జవాబు చెప్పుకోవాలె. ఒకటో తారీఖు నుంచి నువ్వు మళ్ల రోడ్డు మీదికే. ఆర్డర్ రాస్తున్న."

ఆండాలు వెనక్కి తిరిగింది.

"నేను అప్పుడే అనుకున్న సార్," అన్నాడు ఓదెలు. "మొగుడు లేని మనిషి బొట్టు పెట్టుడేంది? అందుకే గిట్లయింది."

"నువ్వు జర సప్పుడు చెయ్యకు ఓదెలూ," అన్నాడు పురుషోత్తం.

ఇంటికి పోయే దారిలో కొమురమ్మ ఎదురైంది. వార్త అప్పటికే చేరింది.

"మళ్ల మాతోని కలుస్తున్నవంట. నీ చీపురు ఎవలకు ఇయ్యలే వదినె, దాచి పెట్టిన," అన్నది నవ్వుతూ. ఆండాలు నవ్వలేదు. కొమురమ్మ నవ్వు ఆపి, ఆమె ఛాతీ వైపు చూసి, "దగ్గు గురించే కదా నీ ఫికర్?" అన్నది మెల్లగా.

"ఇంకో ఎండాకాలం నాతోని కాదే," అన్నది ఆండాలు.

కొత్త ఫ్లాపీలు వచ్చాయి. కళావతి మళ్లీ మొదటి పేరు నుంచి మొదలుపెట్టింది. నెలాఖరు దగ్గరపడుతుండగా ఇంజనీరు మరోసారి వచ్చాడు. ఈసారి పురుషోత్తం ముందు కుర్చీ లాక్కొని కూర్చున్నాడు.

"నిప్పొచ్చినా, నీళ్లొచ్చినా, పూజ వచ్చినా ఒక కప్పు కింద ఉన్నవన్నిటికీ ఒక్కసారే వస్తుంది సార్. నకలు ఈ బిల్డింగులో ఉండొద్దు."

పురుషోత్తం ఈసారి కాదనలేదు. పత్తర్‌గట్టి వెనక సందులో పన్నులు కట్టించుకునే చిన్న ఆఫీసు ఒకటి ఉంది. నకలు అక్కడ పెట్టాలన్నాడు. కళావతి సాయంత్రం తీసిన నకలును పొద్దున ఎవరో ఒకరు మోసుకుపోవాలి.

"ఓదెలూ, నువ్వు పో."

"వొద్దు సార్. దారిల వానొస్తే? ఎవడన్న సైకిలోడు గుద్దితే? రేపు నా పింఛను ఆపుతరు. మస్తు లొల్లి ఉన్న పని."

వరండాలో నిలబడి వింటున్న ఆండాలు లోపలికి వచ్చింది.

"నేను తీస్కపోతా సార్."

"నువ్వా? చేసింది చాలలేదా?"

"అందుకే అంటున్న సార్. ఓదెలన్న తీస్కపోతే హోటల్ల చాయ్ పక్కన పెడ్తడు. ఆయన చేతుల ఇంకా ఒక్కటి గూడ కరాబ్ కాలే, ఆయనకు భయం తెల్వదు. నాకు తెలిసింది."

"నా చాయ్ నీకేం చేసిందమ్మా?" అన్నాడు ఓదెలు.

పురుషోత్తం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నిజం చెప్పు. రోడ్డు మీదికి పోవుడు ఇష్టం లేక అంటున్నవా?"

"ఇష్టం లేదు సార్," అన్నది ఆండాలు. "దుమ్ముల పడితే నేను బతుకను. అది గూడ నిజమే. ఇది గూడ నిజమే."

ఎన్నడూ ఎదురు మాట్లాడని కళావతి తలుపు దగ్గర నుంచి అన్నది: "ఉండనియ్యండి సార్. కొత్త మనిషి వస్తే, ఆ మనిషికి మళ్ల ఒక పండుగ వస్తది."

ఇంజనీరు నవ్వాడు. పురుషోత్తం నవ్వలేదు. సొరుగులోంచి ఆర్డర్ తీసి చూశాడు. చింపలేదు. బల్ల అద్దం ఎత్తి దాని కింద పెట్టాడు.

"ఈడనే ఉంటది. ఒక్క ఫ్లాపీ కరాబైనా బయటికొస్తది. రేపు పొద్దుగాల నుంచి నువ్వే తీస్కపో."

మర్నాడు పొద్దున ఆండాలు ఫ్లాపీల డబ్బాను గుడ్డసంచిలో పెట్టుకొని పత్తర్‌గట్టి దాకా నడిచింది. దుకాణాలు ఇంకా తెరవలేదు. సందులోని ఆఫీసులో బాలనర్సింహ అనే గుమాస్తా ఇనుప బీరువా తెరిచి, ఒక అర చూపించి, "ఈడ పెట్టి పో," అన్నాడు.

ఆమె అరలోకి తొంగి చూసింది. వెనక రేకు మీద పసుపు, కుంకుమ. దసరావి. ఎండి రాలి, పొడి అర నిండా పడి ఉంది.

"దీనికి గూడ పూజ చేసిండ్రా సారూ?"

"చెయ్యకుంటే ఎట్ల? లక్ష్మి ఉండే జాగ."

"ఇగ ఈ అరకు చెయ్యొద్దు."

"ఎవరు చెప్పిండ్రు?"

"నేనే చెప్తున్న. జర నీళ్లు, పాతగుడ్డ ఇయ్యుండ్రి."

"పండుగ బొట్టు తుడుస్తవా?" బాలనర్సింహ నమ్మలేనట్టు చూశాడు. అయినా మగ్గుతో నీళ్లు తెచ్చాడు.

ఆండాలు గుడ్డ తడిపి కుంకుమ తుడిచింది. పసుపు తుడిచింది. మూలల్లో ఇరుక్కున్న పొడిని గోటితో తీసింది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ తుడిచింది.

"అయింది కదా, ఇటియ్యి," అని బాలనర్సింహ చెయ్యి చాచాడు.

"తడి ఉన్నది సారూ," అన్నది ఆండాలు. అర ఆరేదాకా డబ్బాను ఒళ్లో పెట్టుకొని బీరువా ముందు కూర్చున్నది.