పోయేవాళ్లు బావి తవ్వుతారా?

నా చిన్నప్పుడు మా వీధిలో ఉత్తరాలు చదివిపెట్టే పని నాది. నాకేదో గొప్ప చదువు వచ్చని కాదు, తడుముకోకుండా గట్టిగా చదువుతానని పేరు. అప్పుడు నాకు పన్నెండేళ్లు. మాది కుందుర్పికి అవతల మెట్ట పల్లె. వాన పడితే శెనక్కాయ పంట, పడకపోతే కూలి పని. చదువుకున్న మగపిల్లలు ఎవరూ ఊళ్లో నిలిచేవారు కాదు కాబట్టి, వాళ్లు రాసిన ఉత్తరాలు చదవడానికి నాబోటి ఆడపిల్లలే దిక్కు.

మా పక్కింటి అక్క భర్త మిలిటరీలో ఉండేవాడు. ఆ రోజుల్లో మన సైన్యాన్ని శ్రీలంకకు పంపారు. అందులో ఆయనా పోయాడు. శాంతి కోసం పోయారని రేడియో చెప్పేది. మరి శాంతికి పోయినవాళ్లు అంతమంది ఎందుకు చనిపోతున్నారో మా ఊళ్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు. అక్కకు ఒక్కతే కూతురు. ఆ పిల్ల పుట్టువెంట్రుకలు తండ్రి ఒళ్లో కూర్చోబెట్టి కదిరి నరసింహస్వామికి ఇస్తామని మొక్కుకున్నారు. మూడో ఏడు నిండకముందే తీయించాలి. నాలుగో ఏట తీయకూడదు. తప్పిపోతే ఐదో ఏడు వచ్చేదాకా ఆగాల్సిందే. ఉగాది పోయిన పది రోజులకు పిల్లకు మూడేళ్లు నిండుతాయి. అప్పటికే ఆ జుట్టు భుజాలు దాటి, చిక్కులు పడి, పిల్ల ఎండలో గోక్కుంటూ ఏడ్చేది.

ఆ చలికాలంలో ఒక పెద్ద నాయకుడు మా వైపు కాలవకు శంకుస్థాపన చేయడానికి వచ్చాడు. అదే కాలవకు అది మూడో శంకుస్థాపన. మొదటి రెండు రాళ్ల మీద మేకలు ఎక్కి ఆడుకునేవి. కాలవ మాట అయిపోయాక ఆయన గొంతు పెంచి, లంకకు పోయిన మీ బిడ్డలు ఉగాదికల్లా మీ ఇళ్లలో ఉంటారు, ఇది నా మాట అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. తిరిగొస్తూ దారి పొడవునా నవ్వుకున్నారు కూడా. "కాలవ వచ్చిన దోవలోనే వస్తాదిలే అప్పా మిలిటరీ" అని మా చిన్నాన్న అంటే, ట్రాక్టరులో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. అక్క మాత్రం నవ్వలేదు. అంతమందిలో చెప్పిన మాట అబద్ధం ఎలా అవుతుందని నన్ను అడిగింది. నేనూ అదే అనుకున్నాను.

వారం తిరక్కుండానే అక్క భర్త ఉత్తరం వచ్చింది. మా అరుగు మీద కూర్చుని చదివాను. మా నాయనమ్మ శెనక్కాయలు వలుస్తూ వింటోంది. ఆమెను మేం జేజి అనేవాళ్లం. ఒంట్లో బాగుంది, అన్నం బాగుంది, పాపకు ముద్దులు అన్నీ అయ్యాక, మేం ఉన్నచోట బావి తవ్వుతున్నాం, పదిహేను అడుగులకే నీళ్లు పడ్డాయి, మన ఊరు గుర్తొచ్చింది అని రాశాడు. జేజి చేతులు ఆగిపోయాయి. ఆ ముక్క ఇంకోసారి చదవమంది. చదివాను.

"పోయేటోళ్లు యాడన్నా బాయి తవ్వుకుంటారా?" అంది జేజి.

మా తాత మూడు బావులు తవ్వించాడు. రెండింట్లో బండ తగిలింది తప్ప నీటి చెమ్మ కూడా కనపడలేదు. అందుకని బావి అంటే ఏమిటో జేజికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఉగాది కోసం చూడొద్దని, మాఘమాసంలోనే పిల్లను కదిరికి తీసుకుపోయి మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి మొక్కు తీర్చేయమని, స్వామి ఏమీ అనుకోడని చెప్పింది. అక్కకు చుర్రుమంది. "నీ నోట ఒక్క మంచి మాట రాదా అవ్వా?" అని ఉత్తరం లాక్కుని వెళ్లిపోయింది.

కోపంగా పోయిందే గాని, ఆ మాట ఆమెను తొలిచేసినట్టుంది. నెల తర్వాత ఇంకో ఉత్తరం వచ్చినప్పుడు మా అరుగు మీదికి రాకుండా నన్నే వాళ్లింటికి పిలిపించుకుంది. గడపలో కూర్చుని పిల్లను ఒళ్లో పెట్టుకుని, బావి సంగతి ఏమైనా రాశాడేమో చూడమంది. రాశాడు. బావి చుట్టూ రాతి గట్టు కట్టామని, వచ్చే వానలకు పనికొస్తాయని కొత్త రేకుల షెడ్లు వేస్తున్నామని రెండు వరుసలు ఉన్నాయి. నేను తలెత్తి చూశాను. అక్క నా నోటి వంకే చూస్తోంది. ఆ చూపు ముందు ఆ రెండు వరుసలు చదవడం నా వల్ల కాలేదు. బావి సంగతి ఏమీ లేదక్కా, తొందర్లో కలుస్తానని రాశాడు అన్నాను. కలుస్తాననే మాట ఉత్తరం చివర ఉన్నదే. ఆయన ప్రతి ఉత్తరంలోనూ రాసేవాడు.

అక్క ముఖం విప్పారింది. నాకు బెల్లం ముక్క పెట్టింది. మాఘం పోయింది, ఫాల్గుణం పోయింది. అక్క ఇల్లు అలికి, పిల్లకు పట్టు గౌను కుట్టించి, కదిరికి పోవడానికి చుట్టాలకు కబురు పెట్టింది.

ఉగాది వచ్చింది, ఆయన రాలేదు. సైన్యం విడతలవారీగా వస్తుందని, తొందరపడరాదని ఆ నాయకుడే అన్నట్టు పేపర్లో పడింది. కదిరి ప్రయాణం కోసం హిందూపురం నుంచి దిగిన అక్క తమ్ముడు, బావ ఏం రాశాడో చూద్దామని పాత ఉత్తరాలన్నీ ముందేసుకుని చదివాడు. నేను అక్కడే ఉన్నాను. గట్టు దగ్గరికి, రేకుల షెడ్ల దగ్గరికి వచ్చేసరికి నేను గుమ్మం వైపు జరిగాను. అక్క నా వైపు చూసింది. తిట్టలేదు, కొట్టలేదు. ఉత్తరం మడిచి డబ్బాలో పెట్టుకుంది. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

తమ్ముడి ఒళ్లో తీయించడానికి ఇంకా పది రోజులు ఉన్నాయి కదా అనుకోవచ్చు. కానీ ఆ మర్నాడే పిల్లకు ఆటలమ్మ పోసింది. ఒళ్లంతా పొక్కులున్న పిల్ల తల మీద కత్తి ఎవరు పెడతారు? పది రోజులూ ఆ మంచం మీదే గడిచిపోయాయి.

జేజికి నేనే చెప్పుకున్నాను. ఏడుస్తూ, అక్క బాధపడుతుందని అలా చేశానన్నాను. ఆమె ఓదార్చలేదు. "మీటింగులో ఆయప్ప కూడా జనం ముఖాలు చూసే చెప్పినాడు. నువ్వు అక్క ముఖం చూసి చెప్తివి. ఇంగ ఆయప్పను చూసి నవ్వేదానికి మనకు యాడుండాది నోరు?" అంది. తర్వాత, ఆ జుట్టు ఇక నీదే అని తీర్పు చెప్పింది. ఐదో ఏడు వచ్చేదాకా ప్రతి శుక్రవారం నేనే ఆ పిల్లకు తల రుద్ది, చిక్కు తీసి, జడ వేయాలి. నీళ్లు కూడా నేనే తేవాలి. మా ఊళ్లో ఎండాకాలం ఒక బిందె నీళ్లంటే మైలు నడక. పొద్దున్నే లేచి ఇంటికి రెండు బిందెలు, ఆ జుట్టుకు ఒకటి మోసేదాన్ని. మొదట్లో అక్క గుమ్మంలో నిలబడి చూసి లోపలికి పోయేది. కొన్నాళ్లకు కుంకుళ్లు కొట్టి సిద్ధంగా ఉంచడం మొదలుపెట్టింది. ఉత్తరాలు మళ్లీ నా చేతికే ఇచ్చింది. ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆయన పక్కన పడుకునే జవాను చనిపోయాడని రాసినప్పుడు కూడా ఆపకుండా చదివాను.

దాదాపు ఏడాది గడిచింది. జడ నడుము దాకా వచ్చింది. ఊళ్లో సైన్యం మాటే ఎవరూ ఎత్తడం లేదు. కాలవ మాట లాగే అదీ పాతబడిపోయింది. అప్పుడొచ్చిన ఉత్తరంలో, ఎప్పుడొస్తానో రాయకుండా, బావి చేద, గిలక, చేంతాడు అన్నీ అక్కడి పక్కింటి ముసలామెకు ఇచ్చేశామని, షెడ్ల రేకులు ఊడదీస్తున్నామని రాశాడు. అది విని అక్క మా అరుగు దాకా నడిచి వచ్చి జేజి ముందు కూర్చుంది. ఏడాది తర్వాత రావడం. జేజి ఆ ముక్క రెండుసార్లు చదివించుకుని, "ఇంగ పోయి ఇల్లు అలుక్కో పాపా" అంది.

ఇరవై రోజులకు ఆయన బస్సు దిగి నడిచి వచ్చాడు. పలకరించడానికి పోయిన జేజి, ఆ బావి ఎవరి పెరట్లో తవ్వినారు నాయనా, వాళ్లను అడిగే తవ్వినారా అంది. ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ ఇంటివాళ్లు మేం పోకముందే యాడికో పోయినారవ్వా అన్నాడు. జేజి లేచి ఇంటికి వచ్చేసింది.

పిల్లకు ఐదో ఏడు రాగానే కదిరికి నన్నూ తీసుకుపోయారు. తండ్రి ఒళ్లో పిల్ల, ఎదురుగా కత్తి నూరుతున్న మంగలి. అక్క నా భుజం మీద చెయ్యి వేసి, "జడ నువ్వే ఇప్పు" అంది. ఏడాది పాటు వేసిన జడ ఒక్కో పాయా విప్పుతుంటే నా కళ్లు నిండిపోయాయి. వెంట్రుకలు గుడ్డలో పడ్డాక బోడితలను నిమిరి ఆయన నవ్వాడు.

ఇప్పుడు మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. భర్త గల్ఫ్‌లో ఒక విదేశీ సైన్యం క్యాంపుకు సామాను తోలే డ్రైవరు. ఆ పక్క దేశంలోనే యుద్ధం. తమ సైన్యాన్ని ఫలానా తేదీకల్లా వెనక్కి పిలుస్తామని ఎవరో పెద్ద నాయకుడు అన్న వార్తను మొన్న ఫోన్లో చూపించి, నిజమేనా ఆంటీ అని అడిగింది. ఆ కళ్లు నాకు తెలిసిన కళ్లే. అవునమ్మా అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. నాకు తెలియదమ్మా అన్నాను. మీ ఆయన ఫోన్ చేసినప్పుడు అక్కడ కొత్తగా ఏం కడుతున్నారో, ఏం ఊడదీస్తున్నారో అడిగి చూడు, ఏం చెప్పినా ఇద్దరం కలిసి విందాం అని పక్కన కూర్చోబెట్టుకున్నాను.