చేతిలో నిలవని కాగితం

మరుగుతున్న పాలు నా కుడి చేతి మీద ఒలికిన రోజు నేను అరవలేదు. అరిచింది పక్కన నిలబడ్డ రజిత. అది 2012 ఎండాకాలం. ఇద్దరం శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఒక కాఫీ కౌంటర్‌లో పనిచేసేవాళ్లం.

"అక్కా, చెయ్యి! చెయ్యి తియ్యి!"

నేను ఎడమ చేత్తో ఫోన్‌లో మెసేజ్ కొడుతున్నాను. "ఏందే నీ లొల్లి?" అని విసుక్కుంటూ కిందికి చూశాను. చిటికెన వేలు, ఉంగరం వేలు, వాటి కింది అంచంతా ఎర్రగా పొంగుతోంది. మంట లేదు. నల్లా కింద పెడితే నీళ్లు చల్లగా ఉన్నాయో లేదో కూడా తెలియలేదు.

మోచేతి కింద ఒక పాలిపోయిన మచ్చ అంతకుముందు నుంచే ఉంది. మైలార్‌దేవ్‌పల్లిలో ఉన్నప్పుడు ఒక క్లినిక్‌లో చూపిస్తే తామర అని ఆయింట్‌మెంట్ ఇచ్చారు. రాస్తూ పోయాను. తర్వాత ఉద్యోగం కోసం శంషాబాద్‌లో ఇల్లు కిరాయికి తీసుకున్నాం. పాలు పడ్డ పుండు మానింది కానీ, ఆ రెండు వేళ్లూ మెల్లగా లోపలికి వంగసాగాయి. బాపుకి, అంటే మా నాన్నకి, అప్పుడు భయం పట్టుకుంది. ఆయన ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు. ఇంట్లో మేమిద్దరమే. ఆ రోజు క్యాబ్ పని మానుకుని నన్ను సిటీలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు.

స్కిన్ డాక్టర్ కళ్లు మూసుకోమన్నారు. "దూదితో తాకిస్తాను. ఎక్కడ తాకిందో చూపించమ్మా."

కూర్చున్నాను. నాకసలే ఓపిక తక్కువ. "ఎప్పుడు తాకిస్తరు సార్? నిద్రొస్తుంది."

"ఇందాకటి నుంచీ తాకిస్తూనే ఉన్నానమ్మా."

కళ్లు తెరిచేసరికి బాపు గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

మోచెయ్యి లోపలి పక్క నొక్కి చూసి, చిటికెన వేలికి పోయే నరం, అల్నార్ నర్వ్ అంట, తాడులా లావెక్కిందన్నారు. స్మియర్, బయాప్సీ చేశారు. రిపోర్టులు వచ్చాక ఒకే మాట చెప్పారు. లెప్రసీ.

"నాకా? రోడ్డు మీద అడుక్కునేదాని లెక్క కనిపిస్తున్ననా సార్? మళ్ల చూడుండ్రి!" అని వరండాలో వాళ్లకు కూడా వినపడేలా అరిచాను.

ఆయన కోప్పడలేదు. "ఇది ఎవరికైనా వస్తుంది. ఎండీటీ అని మందుల కోర్సు ఉంది, అది వాడితే పోతుంది. మందు మొదలుపెట్టాక నీ నుంచి ఎవరికీ అంటదు. నా భయమంతా చెయ్యి గురించే." నా బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఒక కాగితం పెట్టి, గట్టిగా పట్టుకోమని లాగారు. ఊడి వచ్చేసింది. "నర్వ్ దెబ్బతిని ఎన్నాళ్లయిందో తెలీదు. తిరిగొస్తుందేమో చూద్దాం."

ఆ "చూద్దాం" పట్టుకుని బతికాను. వేళ్లు తెరుచుకుంటే కౌంటర్‌కు తిరిగి పోవచ్చు, లేకపోతే లేదు. అక్కడ నర్వ్ ప్రాబ్లమ్ అని మాత్రమే చెప్పాను. ఎండీటీకి ఒళ్లు నల్లబడింది. దాంతోపాటు నర్వ్ వాపుకు ఇచ్చిన స్టెరాయిడ్‌కి మొహం ఉబ్బింది. ఫోన్‌లో నా ఫోటోలన్నీ డిలీట్ చేసేశాను.

దవాఖానలో వేళ్ల ఎక్సర్‌సైజుకు పిసకమని ఒక రబ్బరు ముద్ద ఇచ్చారు. విసుగొచ్చి గోడకేసి కొట్టాను. ఆ ఎక్సర్‌సైజులు చేయించే థెరపిస్ట్ మేడమ్‌ది విజయవాడ. ఆమె ముద్దను తీసుకుని సంచిలో వేసుకుని, ఆరు పలకల కాగితం ముక్కలు కొన్ని, గుడ్డ పేలికలు బల్ల మీద పెట్టారు. ఇంగ్లిష్ పేపర్ పీసింగ్ అంట. కాగితం మీద గుడ్డ పెట్టి, అంచులు వెనక్కి మడిచి కచ్చా కుట్లు వేయాలి. అలాంటి ముక్కలను పక్కపక్కన పెట్టి, అంచుల మీద సన్నగా కుట్టి కలపాలి. చుట్టూ కుట్టడం అయిపోయాక కాగితం లాగేస్తే గుడ్డ మాత్రం అదే ఆకారంలో నిలుస్తుంది.

"ఏంది మేడమ్, నేనేమన్న బాల్వాడిల ఉన్ననా?"

"బాల్వాడి పిల్లలైతే సూది చక్కగా పట్టుకుంటారండీ. మీరు పట్టుకోండి, చూస్తాను."

పౌరుషమొచ్చి పట్టుకున్నాను. జారింది. మళ్లీ పట్టుకున్నాను. "బొటనవేలి కొన వంగకూడదు. గుచ్చుకున్నా మీకు తెలియదు, వేళ్లు చూసుకుంటూ ఉండండి" అని ఆమె వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ ఒకటి ఇచ్చారు.

ఇంటి దగ్గర కాగితాలకు కొదవ లేదు. ప్యాసింజర్లు క్యాబ్‌లో వదిలేసిన బోర్డింగ్ పాస్ ముక్కలు బాపు తెచ్చి, ఆరు పలకలుగా కత్తిరించి ఇచ్చేవాడు. నేను ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, వీడియో చూస్తూ కుట్టేదాన్ని. ఆ ఫోన్‌కే ఒక పౌచ్ చేద్దామని మొదలుపెట్టాను. ఒక్కోసారి గుడ్డ మీద ఎర్ర మరక కనిపించాకే వేలికి సూది దిగిందని తెలిసేది. అయినా మానలేదు.

స్టెరాయిడ్ కోర్సు అయిపోయింది. కలిపిన ముక్కలు అరచేతంత అయ్యాయి. అప్పుడొక పొద్దున మోచేతిలో నొప్పి పుట్టి, కరెంటు కొట్టినట్టు చిటికెన వేలి దాకా పాకింది.

"బాపూ! నొస్తుంది! నా వేలు నొస్తుంది!"

"నిజంగనా బిడ్డా? ఏదీ, చూడనియ్యి!"

"అబ్బా, ముట్టకు, నొస్తుందంటే!"

"తిట్టు బిడ్డా, ఇంక తిట్టు" అని ఆయన నవ్వుతూనే ఉన్నాడు. షాద్‌నగర్ ట్రిప్పు నుంచి వస్తూ జిలేబీ తెచ్చాడు. స్పర్శ తెలియని చేతికి నొప్పి తెలుస్తోందంటే నర్వ్ లేస్తోందనే అనుకున్నాం. నొప్పి పెరిగిన కొద్దీ పళ్లు బిగించి ఇంకా ఎక్కువ కుట్టాను. డాక్టర్‌కు ఒకేసారి చూపించి ఆశ్చర్యపరచాలని, దవాఖాన కార్డు మీద మళ్లీ రమ్మని రాసిన తేదీ దాకా ఆగాను.

ఆయన మోచెయ్యి నొక్కగానే ఎగిరిపడ్డాను. ఎగిరిపడి నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఎప్పటి నుంచి ఈ నొప్పి?"

"మూడు వారాలైతుంది సార్. తిరిగొస్తుంది కద?"

"ఇది రియాక్షనమ్మా. న్యూరైటిస్. నర్వ్ వాచి లోపల నలిగిపోతోంది. మొదలైన రోజే రావాల్సింది."

"కుట్టుడు వల్లనా సార్?"

"కాదు, జబ్బు వల్లే. కానీ రోజులు పోయాయి." కాగితం పెట్టారు. లాగకముందే జారిపోయింది.

ఇంటికొచ్చి ఆ కుట్టిన ముక్కను చింపబోయాను. ఎడమ చెయ్యి లాగింది, కుడి చేతిలోంచి గుడ్డ జారింది. మళ్లీ పట్టాను, మళ్లీ జారింది. చింపడానికి కూడా చెయ్యి కావాలని అప్పుడు తెలిసింది. పళ్లతో కొరుకుతుంటే బాపు వచ్చాడు. "ఇటియ్యి బిడ్డా, నేను చింపుత" అని తీసుకున్నాడు. రెండు చేతులా పట్టుకుని కుట్లు తడిమాడు. "గట్టిగ కుట్టినవు, వస్తలేదు" అని అల్మారాలో పెట్టేశాడు. రోజంతా స్టీరింగ్ తిప్పే చేతులవి.

ఇప్పుడు 2014. ఎండీటీ కోర్సు అయిపోయింది. "నీకిప్పుడు జబ్బు లేదు" అన్నారు డాక్టర్. రెండోసారి ఇచ్చిన స్టెరాయిడ్‌తో కూడా వేళ్లు కదల్లేదు. బాగున్న కండరం టెండన్‌ను ఈ వేళ్లకు మార్చి కలిపే టెండన్ ట్రాన్స్‌ఫర్ సర్జరీ చేస్తే తిన్నగా అవుతాయి కానీ స్పర్శ రాదన్నారు. కౌంటర్ ఉద్యోగం పోయింది. బాపుకీ ఆయన తోటి డ్రైవర్లకూ ఫోన్‌లో బుకింగులు చూస్తున్నాను. అప్పుడప్పుడు కుడతాను. కుడితే మనసు కుదుటపడుతుందంటారు. నాకు పడలేదు. ఆ కాసేపు చేతిని చూసుకుంటూ ఉంటాను, అంతే.

ఈ మందులు వాడుతున్నవాళ్లకూ, కోర్సు ముగించినవాళ్లకూ ఒక్క మాట. కొత్తగా నరం నొప్పి పుట్టినా, వేలు తిమ్మిరెక్కినా, పట్టు తగ్గినా, అది మంచికో చెడుకో మీరే తేల్చుకోకండి. కార్డు మీది తేదీ కోసం ఆగకుండా ఆ రోజే వెళ్లండి. ఈరోజు మీ తేదీ కాదంటే, చూసేదాకా ఇక్కణ్నుంచి కదిలేది లేదని గొడవ పెట్టుకోండి. నేను అందరితోనూ గొడవపడ్డాను, ఆ మూడు వారాలు తప్ప.