కాక చేసిన మంటల పండుగ

కాక పోయాడని ఆయన కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను ఒమన్‌లోని దుక్మ్ క్యాంపులో బట్టలు ఉతుక్కుంటున్నాను. సెలవు మీద జగిత్యాల పక్కన వాళ్ళ ఊరికి వెళ్ళిన మనిషి, పొద్దున టీ తాగి, ఛాతీలో పట్టేసినట్టుందని పడుకుని మళ్ళీ లేవలేదట. "మీ గురించి మస్తు చెప్పేటోడన్నా బాపు" అన్నాడు ఆ అబ్బాయి. సబ్బు చేతులతోనే మెస్ వైపు నడిచాను. పొయ్యి దగ్గర వేరే వంటమనిషి ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. కాసేపు నిలబడి వెనక్కి వచ్చేశాను.

ఆయన నాకు చుట్టం కాదు. మా మెస్‌లో వంట చేసేవాడు. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన మా అందరికీ ఆయన కాకే, అంటే చిన్నాన్న వరస. ఎవరైనా సైట్ నుంచి ఆలస్యంగా వస్తే పప్పు మళ్ళీ వేడి చేసి పెట్టేవాడు. శుక్రవారం వంట అయ్యాక రూమ్ బయట బకెట్ బోర్లించి మాకు క్షవరం చేసేవాడు. కత్తెర పట్టే ముందు ప్రతిసారీ అడిగేవాడు: "చెయ్యి పెట్టాల్నా బిడ్డా?"

మేము నవ్వేవాళ్ళం. "నవ్వకుండ్రి. ఒకల పెయ్యి మీద చెయ్యి వెయ్యాలంటే అడగాలె. నాకు మా ముసలాయన నేర్పిండు" అనేవాడు.

ఆ ముసలాయన ఇజ్రాయెల్‌లో ఉండేవాడు. ఒమన్‌కు రాకముందు కాక కొన్నేళ్ళు అక్కడ ఒక యూదు వృద్ధుడికి సేవ చేశాడు. స్నానం చేయించడం, గడ్డం గీయడం, చక్రాల కుర్చీలో తిప్పడం ఆయన పని. అతన్ని వాళ్ళ భాషలో 'సబా' అని పిలిచేవాడట. తాత అని అర్థం. ఇక్కడ మాత్రం ఆ సంగతులు ఎక్కువ ఎత్తేవాడు కాదు. అక్కడి యుద్ధం వార్తలు వచ్చినప్పుడు టీవీ ముందు తలా ఒక మాట అంటుంటే, కాక లేచి పిండి కలపడానికి పోయేవాడు.

కిందటేడు ఎండలు ముదురుతున్న రోజుల్లో మా తమ్ముడు బైకు మీద నుంచి పడి చనిపోయాడు. నా పాస్‌పోర్టు అప్పుడు వీసా పని మీద ఆఫీసులో ఉంది, వెళ్ళడానికి లేదు. సైట్‌లో ఇనుప చువ్వల నీడన కూర్చుని వాడి చితిని ఫోన్‌లో చూశాను. నెట్ ఆగి ఆగి వచ్చింది. మంట కూడా ఆగి ఆగి కాలింది. పదో రోజున ఇంటి దగ్గర మగవాళ్ళందరూ గుండు గీయించుకున్నారు. నేను గీయించుకోలేదు. దగ్గర నిలబడి ఒక పుల్ల కూడా వెయ్యని అన్నకు గుండెందుకు అనిపించింది. గడ్డం పెరిగింది. తిండి తగ్గింది. డ్యూటీకి వెళ్ళడం, రావడం, గోడ వైపు తిరిగి పడుకోవడం. కాక ప్లేటు తెచ్చి మంచం పక్కన పెట్టి, నేను తినేదాకా అక్కడే కూర్చునేవాడు.

ఒక గురువారం డ్యూటీ దిగేసరికి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"నాతోని రా. ఇసుకలకు పోదాం."

మా క్యాంపు డ్రైవర్ భాయ్ పికప్ సిద్ధంగా పెట్టాడు. ఆయనది కడప. వెనక పనికిరాని సెంట్రింగ్ చెక్కలు, ఒక సంచిలో ఆలుగడ్డలు ఉన్నాయి. బండి కదిలాక కాక చెప్పాడు: "ఇయ్యాల సబా వాళ్ళ మంటల పండుగ. లాగ్బోమర్ అంటరు. పొద్దున సబా బిడ్డ ఫోన్ల మెసేజ్ పెట్టింది."

"ఒమన్ పండగా? నేనెప్పుడూ ఇన్లేదే!" అన్నాడు భాయ్.

"ఒమన్ కాదు భాయ్, ఓమర్. యూదులది."

భాయ్ గేరు మార్చి, రోడ్డు వంకే చూస్తూ నడిపాడు. తరువాత అన్నాడు: "ఎవురిదైతే ఏమిలేన్నా. పిల్లోడు ఇన్నాళ్ళకు రూములోంచి బయటికొచ్చినాడు గదా."

క్యాంపు కంచె దాటి, గాలి తగలని ఒక దిబ్బ చాటున ఆపాడు. ఇక్కడ సెలవొస్తే ఒమనీ కుటుంబాలు కూడా ఇసుకలో మంట వేసుకుని కూర్చుంటాయి కాబట్టి మమ్మల్ని ఎవరూ వింతగా చూడలేదు. కాక చెక్కలు పేర్చి, అగ్గిపెట్టె నా చేతిలో పెట్టాడు.

"నువ్వే ముట్టియ్యి."

మొదటి పుల్ల ఆరిపోయింది. భాయ్ వచ్చి తన రెండు అరచేతులూ అడ్డం పెట్టాడు. రెండోది అంటుకుంది. చెక్కలు పట్టుకుని మంట పైకి లేవగానే, తమ్ముడు పోయిన తరువాత మొదటిసారి నేను గట్టిగా ఏడ్చాను. వాళ్ళిద్దరూ ఆపలేదు.

నేను కాస్త తేరుకున్నాక కాక ఆలుగడ్డలు నిప్పుల కింద పెడుతూ చెప్పాడు. వసంతంలో వచ్చే పస్కా పండుగ రెండో రోజు నుంచి వాళ్ళు ప్రతి సాయంత్రం రోజులు లెక్కపెడతారట. ఓమర్ అంటే ఒకప్పుడు ఆ మొదటి రోజున గుడికిచ్చే కొత్త బార్లీ కంకుల కట్ట. లాగ్ అంటే వాళ్ళ అక్షరాల లెక్కలో ముప్పై మూడు. పూర్వం ఒక గురువు శిష్యులు ఆ దినాల్లోనే మహమ్మారి వచ్చి కుప్పలుగా చనిపోయారట. అందుకని పెళ్ళిళ్ళుండవు, పాటలుండవు, తల మీద కత్తెర పెట్టరు. ముప్పై మూడో రోజున చావులు ఆగాయని నమ్మకం. ఆ రోజే ఇంకో గురువు కన్నుమూశాడు. రాజుకు భయపడి ఏళ్ళ తరబడి గుహలో దాక్కున్న మనిషి. నేను పోయిన రోజున ఏడవకండి, సంతోషంగా ఉండండి అని చెప్పి పోయాడట. ఆయన చెప్పిన జ్ఞానం వెలుగు లాంటిదని మంటలు వేస్తారు.

"పోరగాండ్లు ముందునుంచే ఇల్లిల్లు తిరిగి కట్టెలు జమజేస్తరు. మన కాముని పున్నమికి, హోళీకి ఎత్తుకపోరా, గట్లనే. విల్లు బాణాలతోని ఆడుతరు. మూడేండ్ల పిలగాండ్లకు పుట్టెంటికలు తీస్తరు."

"పుట్టెంటికలా?" అన్నాను.

"ఆఁ. మనలెక్కనే." కాక నవ్వాడు. తరువాత నెమ్మదిగా అన్నాడు: "నేను ఆడికి పోయిన మొదటేడు సబా భార్య సచ్చిపోయింది. ఆమె కూసునే కుర్చీ ఇరిగి మూలకు పడున్నది. ఎవల్ని ముట్టనియ్యడు. ఆ పండుగకు పోరగాండ్లు కట్టెలకొస్తే ఏమనిపిచ్చెనో, ఆ కుర్చీ ఇచ్చేసిండు. నన్ను మంటకాడికి తీస్కపొమ్మన్నడు. అది కాలుతుంటే సన్నగ పాట పాడిండు బిడ్డా. తెల్లారి నన్ను కత్తెర తెమ్మన్నడు."

నేను ఒక పుల్లతో నిప్పులు కదిలించాను.

"ఏడ్వొద్దని నేను అంటలేను. దుక్కానికి కూడ ఒక ఆఖరు దినం పెట్టుకున్నరు వాళ్ళు. నాకది మంచిగనిపిచ్చింది."

ఆలుగడ్డలు పైన మాడి లోపల వెన్నలా ఉన్నాయి. ఉప్పు తేవడం మరిచిపోయామని భాయ్ గొణిగాడు కానీ ఎక్కువ తిన్నది ఆయనే. నేను మూడు తిన్నాను. కాక అటు తిరిగి కండువాతో ముఖం తుడుచుకోవడం చూశాను.

పాస్‌పోర్టు చేతికొచ్చాక ఇంటికి వెళ్ళి అమ్మ దగ్గర కూర్చోగలిగానంటే, తమ్ముడి పేరు పలికి మాట్లాడగలిగానంటే, అది కాక చలవే. ఈసారి సెలవుకు వెళ్తూ కాక, వచ్చేటప్పుడు మా అమ్మ దగ్గర నుంచి కారప్పొడి తెస్తానన్నాడు. ఆయన పోయాడని చెబితే డ్రైవర్ భాయ్ బండి పక్కకు ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని చాలాసేపు ఉన్నాడు. "నా సొంత అన్న పోయినట్టుందిరా" అన్నాడు.

ఇప్పుడు కాకను తలుచుకుంటే నాకు ముందు కనిపించేది మంట వేసిన మర్నాటి శుక్రవారం ఉదయం. ఇద్దరం నడిచి మళ్ళీ ఆ దిబ్బ దగ్గరికి వెళ్ళాం. బూడిద చల్లారిపోయింది. కింద ఇసుక ఇంకా గోరువెచ్చగా ఉందేమో, ఒక ఒంటె, దాని పిల్ల అక్కడ పడుకుని ఉన్నాయి. కాక నన్ను దూరంగానే కూర్చోబెట్టి, ఒంటెలు బెదరకుండా గొంతు తగ్గించి, "చెయ్యి పెట్టాల్నా బిడ్డా?" అన్నాడు. తల ఊపాను. కత్తెర చప్పుడుకు పిల్ల ఒంటె మెడ ఎత్తి మా వైపు చూసింది. కాక చెయ్యి ఆపాడు. అది మళ్ళీ తల్లి పక్కన మెడ వాల్చేదాకా, నా చెంప మీద అరచెయ్యి అలాగే ఉంచి, కదలకుండా నిలబడ్డాడు.