లాగి చూసే చెయ్యి

కళాశాల రోబో జట్టులో సర్క్యూట్లకూ, వాటిని నడిపే ప్రోగ్రాముకూ నాయకురాలైన ఆ విద్యార్థినిని అందరూ ‘లాగుడక్క’ అంటారు. ఎవరు సోల్డరింగ్ చేసినా సరే, ఆ తీగను రెండు వేళ్లతో పట్టి లాగి చూడనిదే మూత బిగించనివ్వదు. తుదిపోటీకి పిలుపు వచ్చే వేళ, ఆమె స్వయంగా అతికిన మోటారు తీగ దగ్గర, జట్టులో కొత్తగా చేరిన పిల్ల చెయ్యి ఆగిపోయింది.

“ఇది నువ్వు వేసిందేగా అక్కా!”

“నేనేమైనా ఆకాశంనుంచి ఊడిపడ్డానా? లాగవే!”

లాగింది. తీగ ఊడి చేతిలోకి వచ్చింది. జట్టంతా నోళ్లు వెళ్లబెట్టింది. పిల్ల ముఖం పాలిపోయింది. లాగుడక్క మాత్రం కళ్లజోడు పైకి తోసుకుని, సోల్డరింగ్ ఐరన్‌ను ఆ పిల్ల చేతిలోనే పెట్టింది.

“ఇదే బరిలో ఊడుంటే మన ఏడాది శ్రమ బూడిదలో పోసిన పన్నీరే. నువ్వే అతుకు.”

బరిలో రోబోలు రెండూ గట్టిగా ఢీకొన్నాయి. ఎదుటిది ఆగిపోయింది, తమది ఆగలేదు. “వైరింగు ఎవరిదమ్మా?” అని న్యాయనిర్ణేత అడిగితే, లాగుడక్క ఆ పిల్లను భుజాలు పట్టి ముందుకు తోసింది.

“ఇదిగోండి, నా తీగనే పీకిన ఘనురాలు!”