స్కేన్‌లో ముడి

తాండూరులో కందిపప్పు చాటలో పోసుకుని రాళ్లు ఏరుతుంటే, వికారాబాద్ నుంచి మా బిడ్డ ఫోన్ చేసింది.

"అమ్మా, స్కేన్‌ల ముడి పడ్డది. మస్తు పరేషాన్ అయితున్న. నువ్వొస్తెనే అయితది."

అంతే, ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే స్విచ్ఛాఫ్.

దానికి ఏడో నెల. మా ఇంట్లో స్కానింగును అందరం స్కేనింగనే అంటాం. రెండేళ్ల కిందట మొదటి కడుపు నిలవలేదన్న సంగతి కూడా ఆ స్కేనింగు గదిలోనే దానికి తెలిసింది. ఇప్పుడు బొడ్డుతాడుకు ముడి పడిందనుకున్నాను.

చాట అక్కడే వదిలేసి బస్సెక్కాను. అది ప్రతి ఊళ్లో ఆగుతుంటే ఉండబట్టలేక కండక్టర్ మీద అరిచాను. "జర ఓపిక పట్టమ్మా" అన్నాడు. ఓపికట, ఓపిక! నా గుండె నోట్లోకి వచ్చి కూర్చుంటే.

వెళ్లేసరికి బిడ్డ మంచం మీద కూర్చుని ఉంది. ఒడి నిండా పసుపుపచ్చ ఉన్ని, ఎటు చూసినా చిక్కులే.

"ఏదే స్కేనింగు కాయితం?"

"స్కేనింగేందమ్మా? గిదే స్కేన్. ఉన్ని చుట్ట. ప్యాకెట్ మీద గట్లనే రాసుంది. పుట్టెటోళ్లకు టోపీ అల్లుదామని తెప్పిచ్చిన."

"ఉన్ని చిలప అని చెప్పి చావరాదే!" అనేసి, వెంటనే నాలుక కరుచుకున్నాను. కడుపుతో ఉన్నదాన్ని పట్టుకుని ఏం మాట అది!

అది నవ్వుతూ, చార్జింగుకు పెట్టిన ఫోన్ తీసి వెతికింది. "వరుసగ ఎగిరే బాతుల గుంపును గూడ స్కేనే అంటరట. చిక్కుల పడ్డ కథను గూడ."

"అన్నిటికి ఒకటే మాటనా? ఇంగ్లీషోళ్లకు మాటలకు గూడ కరువొచ్చిందా ఏంది!"

హమ్మయ్య అని కూలబడి, ఉన్ని కొస పట్టుకుని చిక్కు తీయడం మొదలుపెట్టాను. కాసేపటికి బిడ్డ మెల్లగా అంది.

"పోయినసారి నీకు ఫోన్ చేసి నోరు తెరిస్తే మాటనే రాలే, యాదున్నదా? పది నిమిషాలు ఏడుసుడే. నిజంగ గసొంటిదే అయితే గింత నిమ్మలంగ చెప్తనా?"

యాదుంది. ఆ పది నిమిషాలూ నేనూ ఫోన్ పెట్టేయలేదు. ఈసారి దాని గొంతులో ఏడుపే లేదన్న సంగతి బస్సులో నాకెందుకు తట్టలేదో. కడుపులో ఉన్నదీ బాగుంది, నా బిడ్డా బాగుంది. దాని తల ఒళ్లోకి లాక్కుని ఏడ్చేశాను.