శ్రీవిద్య ఫ్రిజ్ మీది కార్డు

అమెరికాలో షికాగో పక్కనున్న అరోరా అనే ఊరికి వచ్చిన కొత్తలో భావనకి మూడేళ్ళు ఉద్యోగం చేసే వీల్లేకపోయింది. భర్త కౌశిక్ వీసా మీద అతని వెంట వచ్చింది, అలా వచ్చినవాళ్ళు పని చేయకూడదు. ఎంబీఏ చదివి కూడా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంది. ఆ ఖాళీ మధ్యాహ్నాల్లో టీవీలో బేస్‌బాల్ పెట్టుకునేది. వ్యాఖ్యాతలు తాపీగా మాట్లాడేవారు కనక ఇక్కడి ఇంగ్లీషు చెవికెక్కేది. వినగా వినగా ఆటా పట్టుబడింది.

షికాగో జట్టులో ఒక అదనపు క్యాచర్, అంటే బ్యాటు పట్టినవాడి వెనక కూర్చుని బంతి అందుకునేవాడు, ఉండేవాడు. బుర్రమీసాల మనిషి. నెలల తరబడి బెంచీ మీదే కూర్చుని, గింజలేవో నములుతూ పిలుపు కోసం చూసేవాడు. భావనకి అతను అయినవాడిలా తోచాడు. సెప్టెంబరులో ఒకరోజు అతన్ని ఆటలోకి దించారు. ఆఖరి దెబ్బతో ఆట గెలిపించాడు. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి భావన సోఫా ఎక్కి ఈల వేసింది.

ఆ ఏడాది ఒక కంపెనీ, అభిమానులు కొని దాచుకునే ఆటగాళ్ళ బొమ్మల కార్డులు నూరేళ్ళ కిందటి పద్ధతిలో వేసింది. మీగడరంగు అంచులు, చేత్తో రంగులద్దినట్టుండే బొమ్మలు. తర్వాత భావనకి ఉద్యోగం వచ్చింది, కూతురు పుట్టింది, ఆ కార్డులన్నీ ఒక్కొక్కటిగా ఆల్బమ్ చేరాయి. క్యాచర్‌ది తప్ప. ఎక్కువ ఆడనివాడని అతని కార్డులు తక్కువ వేశారట. పదకొండేళ్ళు ఆ గడి ఖాళీగానే ఉంది.

కిందటి మార్చిలో ఓ స్కూల్ జిమ్‌లో కార్డుల అమ్మకం పెడితే, పక్కింటి శ్రీవిద్య తోడుగా వచ్చింది. ఆమెకి బేస్‌బాల్‌లో ఓనమాలు తెలియవు. సరదాకి ఒక పాత ప్యాకెట్ కొని అక్కడికక్కడే చించింది.

"ఈ మీసాలాయన అచ్చం మా మేనమామే! ఏమైనా వేల్యూ ఉంటుందా భావనా?"

భావన చూసింది. అతనే.

"అబ్బే, కామన్ కార్డే," అంది.

శ్రీవిద్య దాన్ని తీసుకెళ్ళి ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించింది. పైన మినప్పప్పు, పెరుగు, కరివేపాకు అని రాసిన చీటీ. వెళ్ళినప్పుడల్లా భావనకి ఆ చీటీ కిందనుంచి మీసాలే కనబడేవి. క్రమంగా శ్రీవిద్య కొత్తిమీర కుండీ తన కుండీకన్నా పచ్చగా కనిపించసాగింది. ఆమె నవ్వు సయితం అతిగా అనిపించి, వెళ్ళడమే తగ్గించేసింది.

"అడిగితే ఇచ్చేస్తుంది కదా," అన్నాడు కౌశిక్.

"ఏమని అడగను? కామన్ అని చెప్పింది నేనే!"

ఆగస్టులో శ్రీవిద్య కొత్త ఫ్రిజ్ కొంది. చూద్దామని వెళ్ళిన భావనకి తలుపు నున్నగా, బోసిగా కనిపించింది.

"ఇక్కడి కార్డేదీ?"

"అదా? చీటీలతోపాటు రీసైకిల్‌లో పడేశాను. కామనే అన్నావుగా!"

భావన గరాజ్ పక్కకి పరుగెత్తింది. నీలం డబ్బా మూత తెరిచి, పాల డబ్బాలూ అట్టపెట్టెలూ బయటికి విసిరేస్తూ నడుందాకా వంగి వెతికింది. వెనకే వచ్చిన శ్రీవిద్య నోరు తెరుచుకుని నిలబడిపోయింది. అడుగున ఒక తడి కవరుకి అంటుకుని దొరికింది కార్డు.

"అబద్ధం చెప్పాను," అంది భావన, రొప్పుతూనే. "పదకొండేళ్ళుగా దీనికోసమే తిరుగుతున్నా. నీకు ఊరికే దొరికేసరికి చూడలేకపోయాను."

శ్రీవిద్య మొహం ముడుచుకుంది. "ఆ రోజే చెప్పుంటే అక్కడే నీ చేతిలో పెట్టేదాన్ని. నేనంత చిన్నమనిషిని అనుకున్నావా?"

భావన కార్డు ఆమెకే చాచింది. శ్రీవిద్య దాన్ని అందుకుని, చున్నీ కొంగుతో తడి అద్ది, తిరిగి చేతిలో పెట్టింది.

"ఉంచుకో. ఇవన్నీ ఎత్తి లోపలికి రా, టీ పెడతాను."

ఆ సాయంత్రం భావన కార్డుని గడిలో దోపింది. ఒక మూల నలిగింది, అంచు ఉబ్బింది. అయినా అతనే. చాలాసేపు తృప్తిగా చూసుకుంది. కానీ శ్రీవిద్య ఎంత తేలిగ్గా ఇచ్చేసిందో గుర్తొచ్చినప్పుడల్లా మనసు చివుక్కుమంది. తనయితే ఇవ్వగలిగేదా? ఈసారి ఆమెలో చూసి కుళ్ళుకోవలసింది ఏ ఫ్రిజ్ మీదా అంటించి లేదు.